ఆరేళ్లు వాడాక పాలిక్రోమోస్ పెన్సిళ్ల గురించి: నల్ల కుక్కలూ, ఒక తెల్ల గిత్తా

నిన్న పెన్సిళ్ల డబ్బా ఖాళీ చేసి తుడిచాను. ఆరేళ్ల కిందట కొన్న 60 రంగుల సెట్టు. నల్ల పెన్సిల్ ఇంకా ముప్పావు వంతు అలాగే ఉంది. డార్క్ ఇండిగో, అంటే ముదురు నీలం, మాత్రం ఇప్పుడు వాడుతున్నది నాలుగోది, అదీ బొటనవేలంత అయిపోయింది. నేను గీసిన బొమ్మల్లో సగానికి పైగా నల్ల కుక్కలూ నల్ల పిల్లులే. ఈ పెన్సిళ్లు ఎలా ఉంటాయని ఎవరైనా అడిగితే ముందు ఈ రెండు పెన్సిళ్లనీ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.

ఇదంతా మా కర్రి వల్ల మొదలైంది. ఊరకుక్కే. విశాఖలో మేం అద్దెకున్న ఇంట్లో ఓ తుపాను రాత్రి మెట్ల కిందకి వచ్చి చేరింది, పన్నెండేళ్లు మాతోనే ఉంది. అది పోయాక ఇంట్లో పిల్లలు వాడి పడేసిన చవక రంగు పెన్సిళ్లతో దాని బొమ్మ గీశాను. నల్ల కుక్క కదా అని నల్లరంగే గట్టిగా రుద్దాను. అమ్మ చాలాసేపు చూసి, "ఇది కర్రి కాదే. ఎండలో పడుకుంటే దాని వీపు నీలంగా మెరిసేది, చెవుల దగ్గర ఎర్రగా ఉండేది, ఎప్పుడూ చూళ్లేదా నువ్వు?" అంది. పన్నెండేళ్లు రోజూ అన్నం కలిపి పెట్టిన మనిషి ఆవిడ.

అయినా ఆ బొమ్మనే హాల్లో తగిలించాం. సాయంత్రం పూట పడమటి కిటికీ ఎండ నేరుగా దాని మీద పడేది. రెండు వేసవులు గడిచేసరికి నాలుకకి వేసిన గులాబీ రంగు పూర్తిగా పోయి వట్టి కాగితం కనబడింది. అది చూసినరోజు నాకు అన్నం సహించలేదు. రంగు నిలిచే పెన్సిళ్లు ఏవున్నాయా అని వెతికి వీటిని కొన్నది అప్పుడే.

ఫేబర్ కాజిల్ వాళ్లు 1908 నుంచి చేస్తున్న జర్మన్ పెన్సిళ్లు ఇవి. మొత్తం 120 రంగులున్నాయి. లెడ్ (చెక్క లోపలుండే రంగు పుల్ల) మందం 3.8 మిల్లీమీటర్లు, నూనె ఆధారంగా చేసిన రకం. మైనం ఎక్కువుండే పెన్సిళ్లు మెత్తగా, హాయిగా పరుచుకుంటాయి గానీ బాగా పొరలు వేశాక కొన్నాళ్లకి పైన తెల్లటి బూజులాంటి పొర తేలుతుంది, నల్ల కుక్క బొమ్మ మీద అది వెంటనే కనబడిపోతుంది. వీటితో నాకు ఆ బాధ రాలేదు. పైగా మొన చాలాసేపు సన్నగా నిలుస్తుంది, వెంట్రుకలు గీసేవాళ్లకి అంతకన్నా ఏం కావాలి?

ప్రతి పెన్సిల్ మీదా స్టార్ గుర్తులుంటాయి, మూడుంటే ఆ రంగు ఎండకి బాగా నిలుస్తుందని. నాలుక సంగతి మనసులో ఉంది కాబట్టి నేను అంతటితో ఊరుకోలేదు. ఒక కాగితం మీద వరసగా రంగులన్నీ వేసి, పక్కనే పాత చవక గులాబీ కూడా వేసి, సగం భాగం నల్ల చార్టు ముక్కతో మూసి, అదే పడమటి కిటికీకి మార్చి నుంచి జూన్ దాకా అతికించి ఉంచాను. తీసి చూస్తే చవక గులాబీ దాదాపు లేదు. వీటిలో నేను జంతువులకి వాడే గోధుమ రంగులు, బూడిద రంగులు, ఇండిగో మాత్రం మూసిన వైపూ తెరిచిన వైపూ ఒకేలా ఉన్నాయి. మీరూ కొన్న సెట్టు ఏదైనా సరే, ఒకరి జ్ఞాపకాన్ని దాంతో గీసే ముందు ఈ పరీక్ష చేయండి.

ఇక నల్ల బొచ్చు సంగతి. ముందు మెరుపులున్న చోట లేత బూడిద, లేత నీలం వేస్తాను, ఆ మెరుపుల్ని చివరిదాకా కాపాడుకోవాలి. దానిమీద ఇండిగో, నంబరు 157. ఎండ సోకే చెవుల దగ్గరా మెడ దగ్గరా వాల్‌నట్ బ్రౌన్. నీడల్లో డార్క్ సెపియా (నలుపుకి దగ్గరగా ఉండే ముదురు గోధుమ), మళ్ళీ ఇండిగో, ఇలా ఆరేడు పొరలు, చెయ్యి అసలు బరువు పెట్టకుండా. వట్టి నలుపు చివర్లో, అదీ కంటిపాప, ముక్కు రంధ్రాలు, చెవి మడత లోపలికి మాత్రమే. ప్రతి గీతా వెంట్రుక మొలిచిన వైపే సాగాలి: ముక్కు మీద పొట్టిగా పైకి, నుదుటి మీద విసనకర్రలా విడిపోయి, రొమ్ము దగ్గర సుడి తిరిగి. మీసాలకి రంగు వేయక ముందే ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో కాగితం మీద గట్టిగా గీసేస్తాను. ఆ గాడిలోకి పెన్సిల్ దిగదు, పైన ఎంత ముదురు రంగు వేసినా మీసం తెల్లగా మిగిలిపోతుంది. తర్వాత తెల్ల పెన్సిల్‌తో వేద్దాంలే అనుకుంటే కుదరదు, ముదురు పొరల మీద తెలుపు నిలబడకపోవడం రంగు పెన్సిళ్లన్నిటికీ ఉన్న గుణమే.

అలా గీసిన రెండో కర్రి బొమ్మకి ముప్పై గంటల పైనే పట్టింది. అమ్మ ఎడమ చెవి కొసన ఉన్న చీలిక మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. గోడకి అందరూ తగిలించే ఎత్తులో వద్దంది. వంటింటి గుమ్మం పక్కన, కిందగా, దాని పళ్లెం ఉండే చోటుకి పైన తగిలించమంది. ఇప్పటికీ అక్కడే ఉంది, రంగు చెక్కుచెదరలేదు.

మా చిన్న మామయ్యది ఒంగోలు దగ్గర పల్లెటూరు, ఆయన గిత్త బొమ్మ అడిగినప్పుడు అసలు పరీక్ష ఎదురైంది. తెల్ల కాగితం మీద తెల్ల గిత్త! వార్మ్ గ్రేలు (కాస్త గోధుమ ఛాయ ఉన్న బూడిద రంగులు), ఐవరీ (దంతపు తెలుపు), అక్కడక్కడా లేత నీలం, ఇవే దాని ఒళ్లు. ఫోన్లో సగం బొమ్మ చూపిస్తే, "మూపురం మీద ఇంకాస్త బూడిద పడాలమ్మా, మెడ కింద గంగడోలు మడతలు సరిపోలేదు" అన్నాడు. నిజమే, ఒంగోలు గిత్తలకి మూపురం, మెడ ముదురుగా ఉంటాయి. కాటుక పెట్టినట్టుండే ఆ కళ్ల అంచులు వేశాక గానీ బొమ్మకి ప్రాణం రాలేదు. అప్పట్నుంచి ఏ జంతువుకైనా కళ్లు ముందు పూర్తి చేసి, కంట్లో వెలుగు చుక్క కోసం కాగితం వదిలి, తర్వాతే బొచ్చులోకి వెళ్తున్నాను.

పెన్సిళ్లు ఎంత మంచివైనా మా ఊరి గాలిలో తేమ వేరే సమస్య. ఒకసారి ఫ్రేము కట్టినతను అద్దాన్ని నేరుగా కాగితానికి ఆనించేశాడు, వానాకాలం పోయేసరికి లోపల గోధుమ రంగు మచ్చలు. పిల్లిపిల్ల బొమ్మ, అడిగినవాళ్లకి మళ్ళీ గీసి ఇచ్చాను. ఇప్పుడు అద్దానికీ బొమ్మకీ మధ్య ఖాళీ ఉండేలా మౌంట్ బోర్డు పెట్టించకుండా ఒక్కటీ ఇవ్వను. కాగితం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకి 300 గ్రాముల బరువుండే మందపాటిది), నూరు శాతం కాటన్, నున్నటిది. పలచటి డ్రాయింగ్ షీటు ఆరేడు పొరలు ఓర్చుకోలేదు, పైన పీచు లేస్తుంది.

ధర మాత్రం ఎక్కువే, మొహమాటం లేకుండా చెబుతున్నాను. కానీ ఒక్కో పెన్సిల్ విడిగా దొరుకుతుంది, అది పెద్ద ఊరట. చేతిలోంచి జారి కింద పడితే లెడ్ లోపలే ముక్కలవుతుంది, చెక్కినప్పుడల్లా మొన ఊడి వస్తుంది, అందుకే టేబుల్ అంచున పాత తువ్వాలు మడిచి పెట్టుకుంటాను. వారంలో బొమ్మ ఇచ్చేయాలి అనుకునేవాళ్లు వీటి జోలికి రావద్దు, అక్రిలిక్ రంగులు నయం.

మీ ఇంట్లో ఉన్నది నల్లదైతే సెట్టు కూడా అక్కర్లేదు. ఇండిగో రెండు, డార్క్ సెపియా, వాల్‌నట్ బ్రౌన్, ఒక లేత నీలం, ఒక లేత బూడిద, ఒక నలుపు తీసుకోండి చాలు. ఫొటో మాత్రం ఫ్లాష్ లేకుండా, కిటికీ పక్కన, మీరు నేల మీద కూర్చుని దాని కంటి ఎత్తులో తీయండి. అది బతికుండగానే తీయండి.