మట్టి బట్టీలో ఇనప ఇసుక కరిగించి ఉక్కు తీయడం: మూడేళ్ల తర్వాత నా రివ్యూ

శ్రీకాకుళం జిల్లాలో మా ఊరి కళ్లంలో ఈ బట్టీ పెట్టి మూడేళ్లు దాటింది, ఇప్పటికి 11 సార్లు వెలిగించాను, పనికొచ్చే ఉక్కు దొరికింది 6 సార్లే.

బట్టీ అంటే పెద్దదేం కాదు, పుట్టమన్నులో ఊక తొక్కి కట్టిన మీటరు ఎత్తు గొట్టం, లోపల అడుగు వెడల్పు, కింద జానెడు ఎత్తులో గాలి గొట్టం. గాలి తగిలే చోట గోడ ప్రతిసారీ కరిగిపోద్ది, మళ్లీ మెత్తుకోవాలి. జపాన్‌లో ఇలాగే ఇనప ఇసుక నుంచి ఉక్కు తీసే తతారా బట్టీల్లోనూ ఇంతే, మూడు పగళ్లు మూడు రాత్రులు నడిపి చివరికి గోడలు పగలగొట్టే ఉక్కు ముద్ద తీస్తారు.

ఇసుక వానలు వెలిశాక మా గెడ్డలో, అంటే వాగులో, నల్లచారల్లా కనిపిస్తది, అయస్కాంతానికి ప్లాస్టిక్ కవర్ చుట్టి ఏరుకోవడమే. సముద్రం ఒడ్డుది వాడొచ్చుగా అంటారు, వద్దండీ, భావనపాడు వైపు ఇసుకలో ఇల్మనైటు అనే టైటానియం ఖనిజం ఎక్కువ, ఆ టైటానియంతో చిట్టెం (ఇనుము నుంచి విడిపోయి కరిగే మలినం) చిక్కబడి కారదు, పైగా అందులోని మోనజైటు అనే ఖనిజంలో రేడియోధార్మికత ఉన్న థోరియం ఉంటది, వాటిని తవ్వే హక్కు ప్రభుత్వానిదే. బొగ్గు మాత్రం మనకి లోటు లేదు, సరుగుడు బొగ్గు నిమ్మకాయంత ముక్కలు కొట్టి పొడి జల్లించేయాలి, పొడి ఉంటే గాలి ఆడదు. ఒక కిలో బొగ్గు, ఒక కిలో ఇసుక, పది నిమిషాలకోసారి. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి, మనం అంత వేడి చెయ్యం, చిట్టెం కరిగి కారిపోతే ఇనప రవ్వలు ఒకదానికొకటి అంటుకుని ముద్దవుతాయి.

అసలు కష్టం ఏటంటే ఆ ముద్ద. 12 కిలోల ఇసుకకి మూడు కిలోల ముద్ద వస్తది, స్పాంజిలా బొక్కలు, లోపలంతా చిట్టెం. మొదట్లో ఆత్రంగా సమ్మెటతో బాదేశాను, ముక్కలైపోయింది, ఆరోజు ఏడుపొచ్చింది నిజంగా. మా ఊరి కమ్మరి ఆచారిగారు చూసి "ముందు తట్టు బాబూ, అది సర్దుకున్నాక కొట్టొచ్చు" అన్నారు. అప్పట్నుంచి బట్టీలోంచి తీసిన వెంటనే చెక్క మొద్దు మీద నెమ్మదిగా నొక్కుతాను, తర్వాత కొలిమిలో తెల్లటి వేడి వచ్చేదాకా కాల్చి, వరిగడ్డి బూడిద, బంకమట్టి నీళ్లు పూసి దాగలి మీద మడతపెడతాను. మడత మడతకీ బరువు తగ్గుతూనే ఉంటది, చివరికి కిలోన్నర మిగిలితే గొప్ప. ఒకే ముద్దలో ఒక పక్క మెత్తన, ఒక పక్క గాజులా పెళుసు, గ్రైండర్ మీద రవ్వలు చూసి వేరు చేసుకోవాలి, కార్బన్ ఎక్కువున్నది గుబురుగా చిమ్ముతుంది.

ఇంటి లోపల, షెడ్లో మూసి మాత్రం చెయ్యకండి, ఆ పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటది.

ఏడోసారి వచ్చిన ఉక్కుతో అమ్మకి కత్తిపీట చేశాను, ఏడాదిన్నరగా చేపలు దాని మీదే, నెలకోసారి సాన పడితే చాలు. వెనక వైపు ఒక మడత సరిగా అతకలేదు, వెంట్రుకంత గీత కనిపిస్తది, అమ్మ ఆ గీతలో చింతపండు రాసి తోముతుంది.