రాని కోరపన్ను: పాలపన్ను తీయించి చూడాలా, గొలుసు వేసి లాగించాలా?

మా అక్క కూతురికి పదకొండేళ్ళు నిండినా పైన ఎడమవైపు పాలకోర కదల్లేదు. కుడిపక్క చిగురు తడిమితే లోపల శనగగింజంత బొడిపె తగిలింది, అదే దిగబోయే కోరపన్ను. ఎడమపక్క చదునుగా ఉంది. పదేళ్ళ పిల్లలున్నవాళ్ళు చేతులు కడుక్కుని ఈ పరీక్ష తప్పక చేయండి. పై కోరపన్ను మామూలుగా 11-12 ఏళ్ళకి వస్తుంది. జ్ఞానదంతాల తర్వాత ఎక్కువగా లోపల ఇరుక్కుపోయేది ఇదే.

దవడలో చోటు చాలకపోవడం, అదనపు పన్ను అడ్డుపడటం, పక్కపన్ను మరీ చిన్నదిగా ఉండటం దీనికి కారణాలు. ఒకటి కాదు, చాలా పళ్ళు ఆలస్యమైతే థైరాయిడ్ కూడా చూపించాలి.

మొదటి దారి, పాలకోర తీయించి ఎదురుచూడటం. మత్తు ఇంజక్షన్, పది నిమిషాల పని. 1988లో స్వీడన్‌కి చెందిన ఎరిక్సన్, కురోల్ అనే దంతవైద్యులు 10-13 ఏళ్ళ పిల్లల్లో అంగిలివైపు మళ్ళిన 46 కోరపళ్ళకి ఇలా చేస్తే 36 దారిలోకి వచ్చాయి. కానీ వరసలో చోటుండాలి, కోరపన్ను పక్కపన్ను వేరు మీదుగా మరీ లోపలికి పోయి ఉండకూడదు. అది ఎక్స్‌రేలోనే తెలుస్తుంది.

రెండోది, చిగురు కోసి, పన్నుకి చిన్న గొలుసు అంటించి, క్లిప్పులతో మెల్లగా కిందకి లాగడం. మా పక్కింటి అబ్బాయికి పదహారేళ్ళకి చేశారు. రెండేళ్ళు పట్టింది. ఆ రెండేళ్ళూ చెరుకు, తేగలు, జంతికలు ముట్టలేదు, నెలనెలా భీమవరం ప్రయాణం. పన్ను మాత్రం చక్కగా వరసలోకి వచ్చింది. ఒకవేళ అది ఎముకకి అతుక్కుపోయి ఉంటే ఎంత లాగినా రాదు. అప్పుడు ఎక్కువగా తీసేయడమే. ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) వేయించాలన్నా ఎదుగుదల ఆగేదాకా ఆగాలి.

నొప్పి లేదు కదా అని వదిలేయడం నాకు అస్సలు నచ్చని దారి. లోపలున్న పన్ను పక్కపన్ను వేరుని చడీచప్పుడు లేకుండా అరగదీయగలదు, దాని చుట్టూ నీటితిత్తీ కట్టొచ్చు.

పదమూడేళ్ళ లోపు, చోటుంటే, నేను మొదటిదానికే ఓటేస్తాను. ఏడాదిలో ఎక్స్‌రేలో కదలిక కనపడకపోతే ఇంక ఆగకుండా గొలుసుకి వెళ్ళాలి. పద్నాలుగు దాటితే నేరుగా రెండోదే.

మా అక్క కూతురికి పాలకోర తీయించాం. ఆ పన్నుని దూదిలో పెట్టుకుని పాలకొల్లు తెచ్చుకుంది. అమ్మమ్మ దాన్ని పేడలో చుట్టించి పశువులపాక మీదకి విసిరించింది. ఆరునెలల ఎక్స్‌రే వచ్చే నెలలో.