ఒక్క హోమ్ రన్ ఆటగాడి కార్డుల కోసం రోజ్‌మాంట్ ప్రయాణం

షికాగో పక్కన, ఓహేర్ విమానాశ్రయానికి దగ్గరగా ఉన్న రోజ్‌మాంట్‌లో జరిగిన నేషనల్ స్పోర్ట్స్ కలెక్టర్స్ కన్వెన్షన్‌కు వెళ్లి వచ్చాము. 1980లో లాస్ ఏంజెలెస్‌లో మొదలైన ఈ సంత ఆటగాళ్ల బొమ్మలతో అచ్చయ్యే కార్డులు సేకరించేవారికి అతి పెద్దది. అయితే పెద్ద ఆటగాళ్ల కార్డులు కొనేవారికి అక్కడ దొరికే మర్యాద వేరు, నాలాగ చిన్న ఆటగాడిని వెతుక్కుంటూ వెళ్లినవారికి దొరికే మర్యాద వేరు. హోటళ్ల సంగతి అంతకంటె అన్యాయం.

నేను సేకరించేది ఆల్ న్యూమన్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డులు. మిన్నెసోటా దాటితే ఈ పేరు గుర్తున్నవారు అరుదు. 1985 నుంచి 1992 వరకు మాంట్రియల్ ఎక్స్‌పోస్, మిన్నెసోటా ట్విన్స్, టెక్సస్ రేంజర్స్ జట్లకు ఆడిన ఈయన, మైదానంలోని సెకండ్ బేస్, షార్ట్‌స్టాప్, థర్డ్ బేస్‌లలో ఎక్కడ మనిషి అవసరమైతే అక్కడ నిలబడిన యుటిలిటీ ఆటగాడు. 1987లోను, 1991లోను బేస్‌బాల్ ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్ గెలిచిన ట్విన్స్ జట్లు రెండింటిలోనూ ఉన్నాడు. 854 ఆటల్లో, 2,107 అధికారిక బ్యాటింగ్ అవకాశాల్లో ఆయన కొట్టిన హోమ్ రన్ ఒకే ఒక్కటి. 1986 జూలై 6న అట్లాంటాలో జేన్ స్మిత్ వేసిన బంతిని కంచె దాటించాడు. ఖర్మ కాకపోతే, అదే ఆటలో అవతలి జట్టు బాబ్ హార్నర్ ఏకంగా నాలుగు హోమ్ రన్లు కొట్టాడు. ఎక్స్‌పోస్ 11-8తో గెలిచినా ఆ ఆట చరిత్రలో హార్నర్ ఆటగానే మిగిలిపోయింది. ఇలాంటివాడి కార్డుల కోసం ఎవరితోనూ పోటీ పడనక్కరలేదు, అప్పు చేయనక్కరలేదు.

మిన్నియాపొలిస్ నుంచి సుమారు 400 మైళ్ల దారి విస్కాన్సిన్ మీదుగా సాఫీగా గడిచింది. ఇల్లినాయ్ సరిహద్దు దాటాక మొదలయ్యే టోల్ రోడ్లు తప్ప చెప్పుకోదగినది ఏమీ లేదు. మా ఆవిడ, మా బావమరిది తోడు వచ్చారు. బావమరిదికి ఈనాటి బేస్‌బాల్ తార ఒహ్తానీ కార్డుల పిచ్చి, దారి పొడుగునా "బావా, ఒక్క హోమ్ రన్ కొట్టినవాడి కోసం నిండా పెట్రోలు పోయించావా?" అని వేళాకోళం చేస్తూనే ఉన్నాడు.

హోటలు పేరు చెప్పను కాని, జరిగినది చెప్పి తీరాలి. బుక్ చేసినప్పుడు గది రాత్రికి 149 డాలర్లన్నారు. దిగాక కారు నిలిపినందుకు రోజుకు 28 డాలర్లు అదనమన్నారు. అది ఎక్కడో అడుగున చిన్న అక్షరాల్లో రాసి ఉందట, సరే అనుకున్నాము. అసలు గొడవ కవరు దగ్గర వచ్చింది. టాప్స్ కంపెనీ 1987లో వేసిన న్యూమన్ కార్డుకు 'టిఫనీ' అనే మేలురకం ప్రతి ఉంది. మామూలు కార్డును గోధుమరంగు అట్ట మీద ముద్రిస్తే, దీనిని తెల్లని అట్ట మీద ముద్రించి నిగనిగలాడే పూత వేశారు. దానిని 4 డాలర్లకు అమ్మిన ఆయన తపాలాలో వేసేసరికి మేము బయలుదేరే రోజు దగ్గరపడడంతో, హోటలు చిరునామాకే పంపమన్నాను. వచ్చింది స్టాంపు అంటించిన మామూలు కవరు. కౌంటరులోని అమ్మాయి దానిని చేతికివ్వకుండా, కంప్యూటరు వైపే చూస్తూ, 'పార్సెల్ నిర్వహణ రుసుము' కింద 10 డాలర్లు గది ఖాతాలో వేస్తానంది. ఇది పార్సెల్ కాదమ్మా, ఉత్తరం అని నేను, లోపల గట్టిగా ఏదో తగులుతోంది కనుక పార్సెలే అని ఆమె. మేనేజరు వచ్చి, కవరును వేళ్లతో నొక్కి చూసి, ఆమె మాటే ఖాయం చేశాడు. "నాలుగు డాలర్ల అట్టముక్కకు పది డాలర్ల సుంకమా? తిరిగి పంపించేయమనండి" అని మా ఆవిడ తెలుగులో అంది, ఆ గొంతు విని మేనేజరు ఒక అడుగు వెనక్కి వేశాడు కాని రుసుము మాత్రం తగ్గించలేదు. అమెరికా తపాలా శాఖలో 'జనరల్ డెలివరీ' అనే ఏర్పాటు ఉంది. ఆ పేరుతో పంపిస్తే పోస్టాఫీసులోనే ఉంచి, గుర్తింపు కార్డు చూపినవారికి రుసుము లేకుండా ఇస్తారు. ప్రయాణంలో కార్డులు తెప్పించుకునేవారు ఆ దారి పట్టడమే మేలు.

సంతలో చాలా బల్లల మీద ఉన్నవి గ్రేడింగ్ (నాణ్యతకు మార్కులు వేయించడం) చేయించి ప్లాస్టిక్ పెట్టెల్లో బిగించిన కార్డులే. న్యూమన్ పేరు చెప్తే ముఖాలు చూశారు. 1980ల చివరి నుంచి కంపెనీలు కుప్పతెప్పలుగా ముద్రించిన ఆ కాలపు మామూలు కార్డులను బరువు మోసి తెచ్చినా బల్ల అద్దె కూడా రాదని వారి లెక్క. అందులో తప్పు పట్టడానికి లేదు. ఒక వర్తకుడు మాత్రం న్యూమన్ ఎవరో తెలియకుండానే ఆయన 1991 టాప్స్ 'డెజర్ట్ షీల్డ్' కార్డుకు 40 డాలర్లు చెప్పాడు. గల్ఫ్‌లో ఉన్న అమెరికా సైనికులకు పంపిన కార్డులివి. మామూలు కార్డు మీదే బంగారు రంగు డాలు ముద్ర ఒకటి అదనంగా ఉంటుంది. ఆ ముద్రకే విలువ కనుక నకిలీలు కూడా ఎక్కువే. భూతద్దం పెట్టి చూస్తే ఆయన చూపిన కార్డు మీది ముద్రలో అక్షరాల అంచులు అలుక్కుపోయి ఉన్నాయి. ఆ మాట అనేసరికి కార్డు లాక్కుని, చూడడానికి వచ్చినవాళ్లు వేరు, కొనడానికి వచ్చినవాళ్లు వేరు అని పక్కవాడికి వినపడేలా అన్నాడు.

ఈ చేదంతా పోగొట్టినది హాలు వెనక మూలన బల్ల వేసుకున్న ఒక పెద్దాయన. ఆయన దగ్గర మెరిసే పెట్టె ఒక్కటీ లేదు. బారుపాటి అట్టపెట్టెలు, వాటిలో జట్టు జట్టుకూ అడ్డుచీటీ, కార్డు ఏదైనా 25 సెంట్లు. న్యూమన్ పేరు చెప్పగానే "హార్నర్ నాలుగు కొట్టిన రోజు" అని తనే గుర్తు చేసి, కూర్చోమని తన మడత కుర్చీ నా వైపు జరిపాడు. 1987 టాప్స్ కార్డు ఆ పెట్టెలోనే దొరికింది. చుట్టూ చెక్కను పోలిన అంచు, నడుమ ఎక్స్‌పోస్ దుస్తుల్లో న్యూమన్. ఆ ఫిబ్రవరిలోనే ఆయనను ట్విన్స్‌కు పంపించేశారు కనుక, మొత్తం సీజను పిల్లలు పాత జట్టు బట్టల్లోనే చూశారన్నమాట. వెనకవైపు నూనె మరకలాంటి చారిక ఉంది. అప్పట్లో కార్డుల పొట్లంలోనే వచ్చే చూయింగ్ గమ్‌కు ఆనుకుని ఉన్న కార్డుకు పట్టే మరక అది. మరక ఉన్నది వద్దు, మంచిది వెతుకుదామని ఆయన అన్నా నేను రెండూ తీసుకున్నాను. ఇంగ్లీషుతో పాటు ఫ్రెంచి కూడా ముద్రించిన 1990 ఓ-పీ-చీ కంపెనీ కెనడా కార్డు కూడా అదే ధరకు వచ్చింది. బావమరిది కూడా ఒహ్తానీని మరచి పెట్టెలు తిరగేయడం మొదలుపెట్టాడు. బిల్లు మొత్తం 5 డాలర్ల 75 సెంట్లు, ఆయన 5 చాలన్నాడు.

మా ఆవిడ కోపం మాత్రం అరోరా బాలాజీ గుడికి వెళ్లాకే చల్లారింది. దర్శనం ప్రశాంతంగా జరిగింది. అక్కడి క్యాంటీనులో ముగ్గురం 27 డాలర్లకు కడుపునిండా తిన్నాము.

వెళ్లదలచినవారు శనివారం రద్దీలో వెళ్లకండి; ఆదివారం మధ్యాహ్నానికి వర్తకులకు సరుకు తిరిగి మోసుకెళ్లాలనే దిగులు పట్టుకుంటుంది, బేరం కుదురుతుంది. కావలసిన కార్డుల జాబితా సంవత్సరం, కంపెనీ వారీగా కాగితం మీద రాసుకుని వెళ్లండి. 25 సెంట్ల కార్డుకు గ్రేడింగ్ చేయించమని ఎవరైనా సలహా ఇస్తే నవ్వి ఊరుకోండి. దాని ఖర్చుతో ఒక యుటిలిటీ ఆటగాడి కార్డులు సగం కొనవచ్చు. డెజర్ట్ షీల్డ్ న్యూమన్ నాకు ఇంటికి వచ్చాక, ఒహాయో నుంచి, ముద్రను దగ్గరగా తీసిన ఫొటోతో సహా, తపాలా ఖర్చు కలుపుకుని 6 డాలర్ల 25 సెంట్లకు దొరికింది.