గంట విమానం, ఏడు గంటల ప్రయాణం

బెంగళూరు నుంచి చెన్నైకి గాల్లో కొలిస్తే 290 కిలోమీటర్లు, రైలు దారిలో దాదాపు 360. టికెట్ మీద ప్రయాణం గంటా ఐదు నిమిషాలని ఉంది. మామగారు ఎప్పుడూ విమానం ఎక్కలేదని, టీ.నగర్‌లో పెళ్లికి మా బావమరిది ముగ్గురికీ టికెట్లు తీశాడు, మనిషికి 3,140 రూపాయలు.

విమానం 1.25కి. జేపీ నగర్‌లో ఇంటి నుంచి 9.30కే బయలుదేరాం. విమానాశ్రయం ఉన్నదేమో దేవనహళ్లిలో, ఊరికి ఆ చివర. హెబ్బాళ దగ్గర కారు కదిలితే ఒట్టు. దిగేసరికి 11.35, టాక్సీకి టోల్‌తో కలిపి 1,420.

తనిఖీలయ్యాక అసలు కథ మొదలైంది. గేటు దగ్గర బోర్డు మీద ‘ఆన్ టైమ్’ అని ఆకుపచ్చ అక్షరాలు. అద్దంలోంచి చూస్తే అక్కడ విమానమే లేదు! మామగారు ఆర్టీసీలో కంట్రోలరుగా చేసి రిటైరయ్యారు. "అల్లుడుగారూ, బస్సు లేకుండానే ప్లాట్‌ఫారం మీద బోర్డు పెట్టారేంటండీ? మా డిపోలో ఇలా చేస్తే ప్యాసింజర్లు ఊరుకునేవాళ్లా?" అన్నారు. కౌంటర్లో అమ్మాయిని అడిగితే తలెత్తకుండా "పది నిమిషాలు సార్" అంది. అరగంట తర్వాత అడిగినా అవే పది నిమిషాలు. ఆయనకు షుగర్. రెండు ఇడ్లీలకు 230 పెట్టి కొన్నాం. రేటు చూసి మా ఆవిడ కాఫీ వద్దంది, ఆ తర్వాత నాతో మాట్లాడటమూ మానేసింది.

2.30కి కదిలింది. గాల్లో ఉన్నది నలభై నిమిషాలే. సీటు బెల్టు లైటు ఆరిందో లేదో మళ్లీ వెలిగింది. టికెట్లో రాసే సమయం విమానం గేటు వదిలినప్పటి నుంచి అక్కడ గేటు దగ్గర ఆగేదాకా లెక్క. రన్‌వే దాకా పాకడం, వరసలో నిలబడటం అందులోనే. ఇంటి నుంచి గేటు దాకా మన తిప్పలు మాత్రం ఏ లెక్కలోకీ రావు. చెన్నైలో సామాను వచ్చేసరికి 4.05, టాక్సీకి 540 ఇచ్చి టీ.నగర్ చేరేసరికి 4.50. సామాను తక్కువైతే టాక్సీ జోలికి పోకండి. విమానాశ్రయం ఎదురుగానే తిరుశూలం స్టేషన్ ఉంది, లోకల్ రైలెక్కి మాంబళంలో దిగితే టీ.నగరే.

పెళ్లి బాగా జరిగింది, లాడ్జి ఫరవాలేదు.

తిరుగు ప్రయాణం నా ఇష్టానికి వదిలేశారు. చెన్నై సెంట్రల్లో పొద్దున్నే వందే భారత్ ఎక్కాం. కాట్పాడిలో ఆగాక ఇక బెంగళూరే, మొత్తం నాలుగున్నర గంటల లోపే. జోలార్‌పేట దాటాక దారి కాసేపు మన ఆంధ్రలోంచి పోతుంది. అక్కడ రైలు ఆగదు, అయినా కుప్పం బోర్డు తెలుగులో కనబడేసరికి మామగారు సీట్లోంచి లేచి మరీ చూశారు. మా ఆవిడ ఫ్లాస్కులోంచి నాకే ముందు కాఫీ పోసింది. స్టేషన్ పక్కనే మెట్రో, మెజెస్టిక్‌లో మారితే నేరుగా జేపీ నగర్.

ఇక్కడ విమానాశ్రయం దారిలో యలహంక వైపు ఉండి, అక్కడ విమానాశ్రయానికి దగ్గర్లో పల్లావరం వైపు పని ఉన్నవాళ్లకైతే విమానం సుఖమే. మిగతావాళ్లు రైలే ఎక్కండి. శని, ఆదివారాలకు సీట్లు త్వరగా నిండిపోతాయి, ముందే రిజర్వ్ చేసుకోండి.