పడిపోవడాన్ని పసిగట్టే పరికరం: రెండేళ్లకు పైగా వార్డులో వాడిన తర్వాత

గుంటూరు కొత్తపేటలోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో 32 పడకల జనరల్ మెడిసిన్ వార్డుకు నేను ఇన్‌ఛార్జి సిస్టర్‌ని. రోగి మంచం దిగబోతున్నా, నడుస్తూ పడిపోయినా నర్సుల స్టేషనులో మోగే పరికరాలు 2023 ఆగస్టులో మా వార్డుకు 12 వచ్చాయి. వాటిని రోగుల ఒంటి మీద పెట్టి, తీసి, స్పిరిటుతో తుడిచి, ఛార్జింగు పెట్టి, నైట్ డ్యూటీల్లో వాటి మోత విని పరుగెత్తిన అనుభవంతో ఈ సమీక్ష రాస్తున్నాను. ఇలాంటివి కొనే ఆలోచనలో ఉన్న నర్సింగ్ సూపరింటెండెంట్లు దీన్ని చదవాలని నా కోరిక.

మాకు రెండు రకాలు ఇచ్చారు. ఒకటి మణికట్టుకు కట్టే పట్టీ, రెండోది ఛాతీ మీద అతికించే బిళ్ల. రెండింటిలోనూ మూడు దిశల కదలికను కొలిచే యాక్సెలెరోమీటరు ఉంటుంది. మనిషి పడేటప్పుడు అందులోని కొలత ఒక్క క్షణం సున్నా వైపు దిగుతుంది, ఒళ్లు నేలను తాకగానే ఒక్కసారిగా పైకి ఎగురుతుంది, ఆ తర్వాత కొంతసేపు కదలిక ఉండదు. ఈ మూడూ వరసగా కనిపిస్తే పరికరం దాన్ని పడిపోవడంగా లెక్కగట్టి, బ్లూటూత్ ద్వారా వరండా గోడకు బిగించిన గేట్‌వేకీ (సిగ్నలు అందుకుని ముందుకు పంపే పెట్టె), అక్కడి నుంచి స్టేషనులోని తెరకూ డ్యూటీ ఫోనుకూ కబురు పంపుతుంది.

మణికట్టు పట్టీని నేను ఎవరికీ సిఫారసు చేయను. చేతులు ఒకచోట ఊరుకోవు; మంచం రెయిలింగును చరిచినా, దోమను కొట్టినా, దుప్పటి విదిలించినా అది మోగేది. మొదటి నెలలో ఆ ఉత్తుత్తి మోతలకు విసిగిపోయిన రాత్రి సిస్టర్లు శబ్దం తగ్గించుకుంటామని అడిగితే నేను ఒప్పుకున్నాను. అది నా తప్పు. తగ్గించిన మోతను ఎవరూ పట్టించుకోరని రెండు వారాల్లోనే అర్థమై మళ్లీ పెంచాము. పైగా ఒక చేతికి సెలైన్ కాన్యులా ఉంటుంది, డయాలసిస్ రోగికి ఫిస్టులా (డయాలసిస్ కోసం ఆపరేషనుతో కలిపిన రక్తనాళం) ఉన్న చేతికి బిగుతైనదేదీ కట్టకూడదు. పెద్ద వయసు ఆడవాళ్లు చేతి గాజులు తీయడానికి ఇష్టపడరు, తీయమని ఒత్తిడి చేయడం నాకూ సబబుగా తోచలేదు.

ఛాతీ బిళ్ల దీనికంటే ఎంతో నయం. శరీరం పడుకుని ఉందో, కూర్చుందో, నిలబడిందో దానికి తెలుస్తుంది కాబట్టి, రోగి లేచి కూర్చోగానే, అంటే కాలు కింద పెట్టకముందే మనకు చెబుతుంది. అయితే మా ఊరి మే నెల ఉక్కకు ఆ జిగురు నిలవదు. చెమటకు ఊడి దుప్పట్లలో దొరికేది, కొందరికి చర్మం ఎర్రబడి దురద వచ్చేది. రోజూ చోటు మార్చి అతికించడం, చర్మాన్ని ముందుగా పొడిగా తుడవడం తప్పనిసరి. ఎమ్మారై స్కానుకు వెళ్లే ముందు తీసేసిన బిళ్ల తిరిగి రోగి ఒంటి మీదకు చేరకపోవడం మాకు చాలాసార్లు జరిగింది. అందుకే ఇప్పుడు రోగి వార్డుకు తిరిగి రాగానే బిళ్ల ఉందో లేదో కేస్ షీటులో రాయిస్తున్నాము.

ఇది పట్టుకోలేని పడిపోవడం కూడా ఒకటుంది. నరసరావుపేట వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మంచం అంచున కూర్చుని, దుప్పటి పట్టుకుని మెల్లగా నేల మీదకు జారిపోయారు. కూర్చున్నప్పుడు వచ్చిన కబురుకు, కొడుకు పక్కనే ఉన్నాడు కదా అని మేము వెళ్లలేదు. ఆ అబ్బాయి మంచం పక్కన చాప మీద నిద్రపోతున్నాడు. జారినప్పుడు వేగమూ లేదు, దెబ్బ తగలడమూ లేదు కాబట్టి పరికరం మౌనంగానే ఉంది. ఆయనను మొదట చూసింది ఆయమ్మ.

పరికరం తన పని తాను చేసినా మేము చేరుకోలేకపోయిన రాత్రి ఒకటి ఉంది. రక్తం పలుచబడే మందు వాడుతున్న ఒకావిడ తెల్లవారుజామున బాత్రూములో పడిపోయారు. మోత వెంటనే వచ్చింది, మేమూ వెంటనే పరుగెత్తాము, కానీ లోపల గడియ వేసి ఉంది. వార్డు బాయ్ తలుపు బద్దలు కొట్టే దాకా మేము బయటే నిలబడి "అమ్మా, పలకండమ్మా" అని పిలుస్తూ ఉండిపోయాము. తలకు దెబ్బ తగిలింది కాబట్టి వెంటనే సీటీ స్కానుకు పంపించాము. అదృష్టవశాత్తూ లోపల రక్తస్రావం లేదు. ఆ నెలలోనే మా అంతస్తులోని అన్ని బాత్రూములకూ బయటి నుంచి తీయగలిగే గడియలు పెట్టించాము.

ఇక, కొన్నప్పుడు ఎవరూ మాకు చెప్పని ప్రయోజనం గురించి చెప్పాలి. ఈ పరికరాలు ఎవరు ఏ సమయానికి లేచారో నమోదు చేస్తాయి. ఆరు నెలల నమోదును డాక్టరు గారితో కూర్చుని చూస్తే, ఎక్కువ మంది తెల్లవారుజామున 3 నుంచి 5 మధ్య మూత్రానికి లేస్తున్నారని తేలింది. వారిలో చాలామందికి మేమే రాత్రి 8 గంటలకు మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే లాసిక్స్ మందు రెండో డోసు ఇస్తున్నాము. దాన్ని సాయంత్రం 4 గంటలకు మార్చారు. రాత్రి రెండున్నరకు ఒక రౌండు పెట్టి, మెలకువగా ఉన్నవారిని బాత్రూముకు వెళ్తారా అని మేమే అడిగి చెయ్యి పట్టుకుని తీసుకువెళ్తున్నాము. లేచినప్పుడు తల తిరుగుతోందన్న వారికి పడుకోబెట్టి ఒకసారి, నిలబెట్టి మూడు నిమిషాల్లోపు మరోసారి బీపీ చూస్తాము. పై అంకె 20 గానీ కింది అంకె 10 గానీ తగ్గితే మందులు సరిచూడమని డాక్టరు గారికి చెబుతాము. పడిపోవడాలను నిజంగా తగ్గించింది మోత కాదు, ఈ నమోదు చూసి మేము మార్చుకున్న పనులే అని నా అభిప్రాయం.

ఎవరికి పెట్టాలన్నది కూడా తేలిక కాదు. రోగి పడిపోయే ప్రమాదాన్ని అంకెల్లో లెక్కగట్టే మోర్స్ స్కేలు ప్రకారం ఇంతకు ముందు పడిపోయి ఉంటే 25, సెలైన్ ఉంటే 20, ఈ రెండింటితోనే 45 అవుతుంది, అంటే ఎక్కువ ప్రమాదం ఉన్న వరసలో చేరినట్టే. మా వార్డులో అలాంటి వారు 12 మందికి మించే ఉంటారు. అందుకే స్కోరుతో పాటు రాత్రి ఎన్నిసార్లు లేస్తారు, తోడు ఎవరున్నారు, నిద్రమాత్ర ఇస్తున్నామా అన్నవి కూడా చూసి పెడుతున్నాము. బిళ్ల ఉంది కదా అన్న ధైర్యంతో తోడున్నవారు టీకి వెళ్లిపోవడం మొదలయ్యాక, అది మనిషిని పట్టుకుని ఆపదని పెట్టేటప్పుడే వివరంగా చెబుతున్నాము.

కరెంటు విషయం కొనే ముందే చూసుకోవాలి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటిన రోజున కరెంటు పోయి జనరేటరు అందుకున్న ప్రతిసారీ గేట్‌వేలు ఆగి, మళ్లీ మొదలవడానికి కొన్ని నిమిషాలు పట్టింది. వాటిని యూపీఎస్ పాయింట్లకు మార్పించాక ఆ ఇబ్బంది రాలేదు. వార్డు చివరి బాత్రూముల్లో సిగ్నలు అందకపోవడం మాత్రం ఇంకా ఉంది.

ఒప్పందం పొడిగించే సమయం వచ్చినప్పుడు మణికట్టు పట్టీలు తిరిగి ఇచ్చేసి, వాటి బదులు బిళ్లలే తీసుకోమనీ, బాత్రూముల వైపు గోడకు మరో గేట్‌వే పెట్టమనీ యాజమాన్యానికి రాసి ఇచ్చాను. బిళ్లలకు ఒప్పుకున్నారు. గేట్‌వే కోసం మళ్లీ అడుగుతున్నాను.