మూడేళ్ల బిడ్డకు ఏది మేలు: వీధిలో అంగన్‌వాడీయా, పట్నంలో కాన్వెంటా?

జూన్ దగ్గరపడితే శ్రీకాకుళం చుట్టుపక్కల పల్లెల్లో ఇదే చర్చ. బిడ్డకు మూడేళ్లు నిండాయి, ఎక్కడ వేద్దాం? ఆమదాలవలస వైపు, నరసన్నపేట వైపు ఊళ్లలోకి కాన్వెంటు వ్యాన్లు వస్తున్నాయి. అంగన్‌వాడీ చూస్తే పక్క వీధిలోనే ఉంది. ఫీజు గురించి, ఇంగ్లీషు గురించి అందరూ మాట్లాడతారు. పిల్లల మనసు గురించి మాత్రం ఎవరూ ఎత్తరు. నేను దాన్నే ముందు పెట్టి చూస్తాను.

కాన్వెంటు అంటే ముందు వ్యానే. నిద్ర తీరకముందే లేపి, నాలుగు ముద్దలు కుక్కి ఎక్కిస్తాం. సాయంత్రం బ్యాగు మీదే నిద్రపోయి దిగుతాడు. బాక్సులో పొద్దున పెట్టిన ఇడ్లీ గట్టిపడి అలాగే ఉంటుంది. ఎందుకు తినలేదంటే చెప్పలేడు. లోపలి భయాన్ని మాటల్లో పెట్టే వయసు కాదది. మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది, పొద్దున్నే కడుపునొప్పి అంటాడు, చెల్లిని ఊరికే కొడతాడు. మనం మారాం అనుకుని ఒకటి తగిలిస్తాం. ఈ వయసుకి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర, కనీసం 3 గంటలు ఒళ్లు కదిలే ఆట కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. వ్యాన్‌లో గడిచే టైమూ, హోంవర్కు టైమూ ఆ నిద్రలోంచి, ఆ ఆటలోంచి పోయేవే.

ఆ రాతపని ఈ వయసులో అక్కర్లేదు కూడా. 2020 జాతీయ విద్యా విధానం ప్రకారం ఒకటో తరగతికి ముందు మూడేళ్లు ఆటపాటలతోనే సాగాలి.

అంగన్‌వాడీకి ఉన్న అసలు బలం దగ్గరతనం. మధ్యాహ్నం గుడ్డు, అన్నం ఎలాగూ ఉన్నాయి. నేను చెప్పేది వేరే. పిల్ల ఆ రోజు మూల కూర్చుని ఎవరితోనూ ఆడకపోతే, వాళ్లమ్మ నిన్ననే కాన్పుకి వెళ్లిందని ఆయాకి తెలుసు. దగ్గరికి తీసుకుని తానే అన్నం కలిపి పెడుతుంది. ఇంటి సంగతి తెలిసిన పెద్దమనిషి రోజూ ఎదురుగా ఉండటం చిన్నపిల్లలకు కొండంత ధైర్యం. ఇంకొకటి, పిల్లల ఆరోగ్య పరీక్షల ప్రభుత్వ పథకం ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీ పిల్లల్ని చూడాలి. మాట ఆలస్యమైనా, పిలిస్తే పలక్కపోయినా ముందే పట్టుకునే వీలుంటుంది. ప్రైవేటు కాన్వెంటు పిల్లలకు ఈ ఏర్పాటు లేదు.

అలాగని అన్ని కేంద్రాలూ బాగున్నాయని చెప్పను. ఒక్క టీచరే గర్భిణుల బరువు చూడాలి, రిజిస్టర్లు రాయాలి, పిల్లల ఎదుగుదల నమోదు చేసే పోషణ్ ట్రాకర్ యాప్ నింపాలి, కొన్నిచోట్ల ఓటరు జాబితా పనీ మోయాలి. పాటకి, కథకి ఓపిక ఎక్కడ మిగులుతుంది? ఇది టీచరు తప్పు కాదు, కానీ నష్టపోయేది పిల్లలే. అందుకే వేసేముందు ఏ పదకొండింటికో చెప్పకుండా వెళ్లి చూడండి. పిల్లలు మాట్లాడుతున్నారా, బొమ్మలు చేతుల్లో ఉన్నాయా, అటక మీద ఉన్నాయా? కాన్వెంటుకైనా ఇదే పరీక్ష. సీటు కోసం పిల్లాడికి ఇంటర్వ్యూ పెట్టే బడి అయితే వెనక్కి వచ్చేయండి. ఆరేళ్లు నిండిన పిల్లల్ని చేర్చుకునేటప్పుడే అలాంటి పరీక్ష పెట్టకూడదని 2009 విద్యా హక్కు చట్టం చెప్పింది, మూడేళ్ల బిడ్డకు అదెందుకు?

తల్లిదండ్రులు హైదరాబాదు, చెన్నై వలసపోయిన ఇళ్లలో మూడో దారి ఉంది: మామ్మ దగ్గర, ఫోన్‌తో. మామ్మ ప్రేమకు లోటుండదు. కానీ తోటి పిల్లలు లేని ఇంట్లో ఫోనే నేస్తమైపోతుంది. అలాంటి బిడ్డను సగం పూటకైనా అంగన్‌వాడీకి పంపాల్సిందే.

నా మాట ఒక్కటే. అయిదు నిండేదాకా నడిచి వెళ్లగలిగే చోటే మేలు. అది మంచి అంగన్‌వాడీ అయితే ఇంకో ఆలోచన వద్దు. నడిచే దూరంలో ఆడించే ప్రైవేటు బడి ఉంటే అదీ మంచిదే. ఎక్కడ వేసినా, పక్క తడపడం, పొద్దున్నే కడుపునొప్పి లాంటి మార్పులు వారాల తరబడి తగ్గకపోతే పిల్లల డాక్టరుకి చూపించండి. 14416కి ఫోన్ చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ వాళ్లు ఉచితంగా సలహా ఇస్తారు.

పలాస జీడి పరిశ్రమల్లో పొద్దుపోయేదాకా పనిచేసే తల్లులకు మాత్రం అంగన్‌వాడీ, కాన్వెంటు రెండూ చాలవు. కేంద్ర ప్రభుత్వ పాల్నా పథకం కింద అంగన్‌వాడీలోనే శిశు సంరక్షణ కేంద్రం నడిపే వీలుంది. తమ వార్డులో అది కావాలని ఆ తల్లులంతా కలిసి అంగన్‌వాడీలను చూసే ఐసీడీఎస్ ఆఫీసుకి అర్జీ పెట్టుకోవాలి.