కరెంటు పని నేర్చుకోవాలంటే మేస్త్రి దగ్గరా, ఐటీఐలోనా?

మేనల్లుడు పదో తరగతి పాసైన ఏడాది మా చెల్లెలు కావలి నుంచి ఫోన్ చేసింది. "అన్నా, వీడికి చదువు మీద ధ్యాస లేదు. ఐటీఐ అని రెండేళ్లు పోగొట్టడం ఎందుకు? నీ వెంట తిప్పుకో" అంది. నేనూ మేస్త్రి వెంట తిరిగి నేర్చుకున్నవాణ్ణే. నెల్లూరు చుట్టుపక్కల ఇళ్ల వైరింగు, రొయ్యల గుంటల మోటార్లు, ఇదే నా బతుకు. అయినా వాణ్ణి ఐటీఐలోనే చేర్చమన్నాను.

అలాగని మేస్త్రి చదువు తక్కువదని కాదు. ఫీజు లేదు, మొదటి రోజు నుంచే మధ్యాహ్నం భోజనం, బస్సు ఛార్జీ వచ్చేవి. మొదటి ఆరు నెలలూ కట్టర్‌తో గోడలు కోసి పైపులు పూడ్చడమే నా పని. ఇంటికెళ్తే జుట్టంతా సిమెంటు దుమ్ము. తర్వాత వైరు లాగడం. బోర్డు మీద చెయ్యి వేయనిచ్చింది రెండో ఏడాదిలో.

కానీ అక్కడ దొరికేది ఇంకెక్కడా దొరకదు. ఒకసారి రాత్రి రెండు గంటలకు ఇందుకూరుపేట వైపు గుంటల నుంచి ఫోన్ వచ్చింది. నీళ్లలో గాలి కలిపే ఏరేటర్లు కొన్ని ఆగిపోయాయి, కొన్ని మూలుగుతూ తిరుగుతున్నాయి. నేను టెస్టర్ పెట్టి చూస్తే మూడు ఫేజుల్లోనూ వెలిగింది. కరెంటు ఉందన్నాను. మేస్త్రి ఇంకా బండి స్టాండు కూడా వేయలేదు. ఆ శబ్దం విని, "ఒక ఫేజు లేదురా, ముందు అన్నీ ఆపెయ్" అని కేకేశాడు. ఆపి మళ్లీ చూస్తే మూడో దాంట్లో టెస్టర్ వెలగలేదు. ఒక ఫేజు పోయినా తిరుగుతున్న మోటార్లు తమ లోపలి రాగి తీగ చుట్ట, అంటే వైండింగ్ గుండా ఆ చచ్చిన వైరుకు వెనక నుంచి వోల్టేజీ ఇస్తాయి, టెస్టర్ మోసపోతుంది. అలాగే ఇంకాసేపు తిరిగితే వైండింగులు కాలిపోయేవి. మేస్త్రి తన టెస్ట్ లాంపు (వైర్ల మధ్య పెట్టి చూసే బల్బు) తీసి ఇంకోసారి చూసుకున్నాకే జనరేటర్ మీదికి మార్చాడు. ఆక్సిజన్ అందక రొయ్యలు అప్పటికే పైకి తేలుతున్నాయి. ఆ మూలుగు ఎలా ఉంటుందో ఏ క్లాసులోనూ వినిపించరు.

మరి లోపం ఎక్కడంటే, మేస్త్రి 'ఇలా చెయ్' అంటాడు, 'ఎందుకు' అనడు. వేదాయపాళెంలో ఒక ఇంట్లో ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే దానంతటదే పడిపోయే స్విచ్, పదే పదే ట్రిప్ అవుతుంటే నేను దాన్ని తీసేసి డైరెక్ట్ ఇచ్చాను. మేస్త్రి అలాగే చేసేవాడు, ఇంటివాళ్లూ సంతోషించారు. అలా ఎన్ని ఇళ్లలో చేశానో చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. ఐటీఐ రెండో ఏడాదిలో ఉండగా మేనల్లుడు ఒక ఆదివారం నాతో పనికొచ్చాడు. అదే జబ్బు ఇంకో ఇంట్లో. నేను స్క్రూడ్రైవర్ తీస్తుంటే, "ఉండు మామా, ఫేజులో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి రావాలి కదా. 30 మిల్లీ యాంపియర్లు తేడా వస్తే చాలు అది పడిపోతుంది. ఎక్కడో న్యూట్రల్స్ కలిసిపోయి ఉంటాయి" అన్నాడు. గంటసేపు వెతికితే హాల్లో స్విచ్ బాక్సు వెనక దొరికింది. ఆ ఆర్‌సీసీబీ మీద నడిచే న్యూట్రల్‌నూ, వేరే సర్క్యూట్ న్యూట్రల్‌నూ ఎవరో మెలేసి టేపు చుట్టారు. విడదీశాం, ఇక పడలేదు. షాక్ కొట్టినప్పుడు మనిషిని కాపాడేదాన్ని నేను ఇన్నేళ్లూ పీకేస్తూ వచ్చాను. గుర్తున్న ఇళ్లకు వెళ్లి మళ్లీ పెట్టొచ్చాను. గుర్తులేనివి అలాగే ఉన్నాయి.

ఇక సర్టిఫికెట్ సంగతి. ఐటీఐ ఎలక్ట్రీషియన్ ట్రేడు రెండేళ్లు, పదో తరగతి పాసైతే చాలు. ఆ తర్వాత 1961 అప్రెంటిస్ చట్టం కింద కంపెనీల్లో స్టైపెండ్‌తో శిక్షణ ఉంటుంది. కృష్ణపట్నం పోర్టు, నేలటూరు థర్మల్ కేంద్రం, రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్, ఇలాంటి చోట్ల ముందు అడిగేది కాగితమే. 2019లో గ్రామ, వార్డు సచివాలయాలకు కరెంటు లైన్ల పని చూసే ఎనర్జీ అసిస్టెంట్లను తీసుకున్నప్పుడు స్తంభం ఎక్కే పరీక్ష పెట్టారు. స్తంభం ఎక్కడం నాకు మంచినీళ్ల ప్రాయం. కానీ దరఖాస్తు చేయడానికే అర్హత లేదు, చూస్తూ ఊరుకున్నాను.

ఐటీఐలోనూ అన్నీ సవ్యంగా ఉండవు. ఇరవై మంది బ్యాచ్‌కు ఒకటో రెండో మోటార్లుంటే ఒక్కొక్కరి చేతికి ఎంతసేపు వస్తాయి? మావాడు టేబుల్ మీద పెద్ద మోటార్లకు వాడే స్టార్ డెల్టా స్టార్టర్ చక్కగా కలిపేవాడు గానీ, మూడు వంపులున్న పైపులో వైరు లాగమంటే తెల్లమొహం వేశాడు. ప్రైవేటు ఐటీఐలో చేరేముందు ఫీజు కాదు, వర్క్‌షాప్ చూపించమని అడగండి. మోటార్ల మీద దుమ్ము ఉంటే ఇంకోచోటు చూసుకోవడం మంచిది.

పాలిటెక్నిక్ గురించీ అడుగుతుంటారు. పాలిసెట్ రాసి మూడేళ్లు చదివే ట్రిపుల్ఈ (ఎలక్ట్రికల్) డిప్లొమా అది. ఆ తర్వాత ఈసెట్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. లెక్కలు వచ్చే పిల్లలకు బాగుంటుంది. మావాడికి లెక్కలంటే జ్వరం, అందుకే ఆ మాటే ఎత్తలేదు.

ఇంట్లో పూట గడవడానికి వాడి కూలి డబ్బులే దిక్కయితే నేనూ మేస్త్రి దగ్గరికే పొమ్మంటాను. అలా కాకపోతే ఐటీఐ, దాంతోపాటు ఆదివారాలూ సెలవులూ ఒక మంచి మేస్త్రి వెంట. రెండూ అంటే కష్టమే. ఆదివారం కూడా బట్టల నిండా సిమెంటేనని మా చెల్లెలు రెండేళ్లూ నన్ను తిడుతూనే ఉంది.

మావాడు ఇప్పుడు అప్రెంటిస్‌గా చేస్తున్నాడు. మొన్న ఇంటికొచ్చినప్పుడు, ఒక్కరోజు వాడి ఇచ్చేస్తానని నా టెస్ట్ లాంపు పట్టుకెళ్లాడు. ఇంతవరకూ తిరిగివ్వలేదు.